డాలస్‌కు వెళ్లాలా, అట్లాంటాకు వెళ్లాలా? ఇల్లు కొనే ఆలోచన కూడా ఉంది

కొత్తగూడు_22

అందరికీ నమస్తే. ప్రస్తుతం న్యూజెర్సీలో ఉంటున్నాం. కంపెనీ డాలస్, అట్లాంటాల్లో ఏదో ఒక ఆఫీసు ఎంచుకోమంది, జీతం రెండు చోట్లా ఒకటే. డాలస్ ఆఫీసు ప్లేనోలో లెగసీ దగ్గర, అట్లాంటాది మిడ్‌టౌన్‌లో. వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాలి. మా ఆవిడది పూర్తిగా ఇంటి నుంచే పని. ఇద్దరిదీ కలిపి ఏడాదికి 1.5 లక్షల డాలర్లు. ఇద్దరం హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీదే ఉన్నాం. పాపకు ఈ ఆగస్టుకు నాలుగేళ్లు నిండుతాయి. ఇల్లు 5.5 లక్షల డాలర్ల లోపు చూస్తున్నాం.

ఎవరిని అడిగినా "టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కం టాక్స్ లేదు, ఇంకేం ఆలోచిస్తున్నావ్" అనే అంటున్నారు. నిజంగా తేడా ఎంత ఉంటుంది? ఇల్లు, స్కూలు, ప్రయాణం విషయంలో ముందే తెలుసుకోవాల్సినవి ఏమిటి? లెక్కలతో చెబితే మేలు.

పన్నులెక్క

ఇన్‌కం టాక్స్ ఒక్కటే చూస్తే లెక్క తేలదండి. దాన్నీ ప్రాపర్టీ టాక్స్‌నీ కలిపి చూడాలి.

ముందు జార్జియా. 2025 సంవత్సరానికి అక్కడి రేటు అందరికీ ఒకటే, 5.19%. భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 24,000 స్టాండర్డ్ డిడక్షన్, పాపకు 4,000. 1,50,000లోంచి ఈ 28,000 తీసేస్తే 1,22,000. దాని మీద పన్ను సుమారు 6,330 డాలర్లు. 401కే (రిటైర్మెంట్ ఖాతా)లో వేసే డబ్బు ముందే తగ్గుతుంది కాబట్టి అసలు కట్టేది ఇంతకన్నా తక్కువే ఉంటుంది.

జార్జియాలో ఇంటి మార్కెట్ విలువలో 40% మీదే పన్ను వేస్తారు. 5.5 లక్షల ఇంటికి 2.2 లక్షలు. మిల్లేజ్ (వెయ్యి డాలర్లకు ఎన్ని డాలర్ల పన్ను అన్నది) 25 అనుకోండి, 5,500 డాలర్లు అవుతుంది. హోమ్‌స్టెడ్ (సొంతంగా ఉండే ఇంటికిచ్చే) మినహాయింపు వస్తే ఇంకాస్త తగ్గుతుంది. రెండూ కలిపి 11,800 చిల్లర.

టెక్సస్‌లో ఇంటి విలువ మొత్తం మీద పన్ను. స్థిరపడిన పాత కాలనీలో మొత్తం రేటు 1.7% అనుకుంటే 9,350. స్కూలు పన్ను లెక్కకు ఇంటి విలువలోంచి 1,40,000 మినహాయిస్తారు (2023 నుంచి లక్ష ఉండేది, 2025 నవంబరు ఓటింగుతో పెంచారు). స్కూలు రేటు 1% దగ్గర వేసుకుంటే 1,400 తగ్గి 7,950కి వస్తుంది. అంటే ఏడాదికి దాదాపు 3,900 మీకు మిగులు.

అదే ఇల్లు మడ్ ఉన్న కొత్త కాలనీలో కొన్నారనుకోండి. మడ్ అంటే అక్కడి నీళ్లు, డ్రైనేజీ కోసం బిల్డర్ పెట్టిన ఖర్చును బాండ్ల రూపంలో ఇళ్ల యజమానుల దగ్గర రాబట్టే డిస్ట్రిక్ట్. మొత్తం రేటు 2.5% దాకా వెళ్తుంది. అప్పుడు 12,350. ఇన్‌కం టాక్స్ కట్టే జార్జియా కన్నా ఎక్కువ! యూఎస్ 380 రోడ్డు దాటి ఉత్తరానికి వెళ్లేకొద్దీ ఇలాంటివి చాలా తగులుతాయి. కొన్నిచోట్ల మడ్ బదులు పిడ్ ఉంటుంది. అది ఇంటి విలువతో సంబంధం లేని అసెస్‌మెంట్, హోమ్‌స్టెడ్ వచ్చినా తగ్గదు. ఈ రెండింటిలో ఏది ఉన్నా సంతకానికి ముందే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని చట్టం. మోడల్ హోమ్‌లో వంటింటి గ్రానైట్ చూసే ముందు ఆ నోటీసు అడగండి.

మీ ఇద్దరి ఆదాయం రేపు 2.5 లక్షలకు వెళ్తే జార్జియా పన్ను 11,500 దాటుతుంది, టెక్సస్‌లో మాత్రం ఇంటి పన్ను ఆదాయంతో పాటు పెరగదు. కాబట్టి ఆదాయం పెరిగేకొద్దీ, ఇల్లు చిన్నదయ్యేకొద్దీ టెక్సస్ లాభం. ఇల్లు పెద్దదైతే, ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానేసే ఆలోచన ఉంటే జార్జియా నయం. ఉద్యోగం లేని ఏడాది ఇన్‌కం టాక్స్ ఉండదు, ప్రాపర్టీ టాక్స్ మాత్రం ఆగదు.

కార్ల సంగతి కూడా చెప్తాను. జార్జియాకు కొత్తగా వచ్చినవాళ్లు కారు విలువలో 3% ఒకసారి కట్టాలి. రెండు కార్లూ కలిపి 40,000 చేస్తే 1,200. టెక్సస్‌లో కారుకు 90 డాలర్ల చొప్పున 180.

కోలిన్_కౌంటీ

పైన లెక్క బాగా చెప్పారు. డాలస్ ఇళ్ల విషయంలో నేను మూడు కలుపుతాను: వడగళ్లు, నేల, కొత్త ఇంటి ఎస్క్రో (ఇంటి పన్ను కోసం లెండర్ నెలనెలా వసూలు చేసి పెట్టే డబ్బు).

వడగళ్ల వాన ప్రధానంగా మార్చి నుంచి మే దాకా. ఇన్సూరెన్స్ కోట్ తీసుకుంటే ప్రీమియం ఒక్కటే చూసి పోల్చకండి. "విండ్ అండ్ హెయిల్ డిడక్టబుల్" అని వేరే లైన్ ఉంటుంది. అది డాలర్లలో ఉండదు, శాతంలో ఉంటుంది. ఇంటి నిర్మాణానికి 5 లక్షల కవరేజ్, డిడక్టబుల్ 2% అయితే మొదటి 10,000 మీ జేబులోంచే. చాలాసార్లు కప్పు మార్చే ఖర్చులో సగానికి పైగా అదే అవుతుంది. తర్వాత చూడాల్సింది, కప్పుకు రీప్లేస్‌మెంట్ కాస్ట్ ఇస్తారా, లేక తరుగు తీసేసి ఇస్తారా అన్నది. పాత కప్పులకు చాలా కంపెనీలు తరుగు తీసేసే పద్ధతికి మార్చేస్తాయి. అందుకే రీసేల్ ఇల్లు కొనేటప్పుడు కప్పు ఏ సంవత్సరంలో వేశారో కాగితం మీద అడగాలి. వడగళ్లను బాగా తట్టుకునే క్లాస్ 4 షింగిల్స్ (కప్పు పెంకులు) ఉంటే ప్రీమియంలో తగ్గింపు దొరుకుతుంది.

నేల గురించి. ఇక్కడిది నల్లరేగడి లాంటి బంకమట్టి. వానకు ఉబ్బుతుంది, జులై, ఆగస్టు ఎండలకు కుంచించుకుపోతుంది. అప్పుడు ఇంటి కింది కాంక్రీట్ స్లాబ్ అంచుకూ మట్టికీ మధ్య వేలు దూరేంత సందు కనిపిస్తుంది. ఇల్లు చూసేటప్పుడు బయట ఇటుక గోడ మీద మెట్లు మెట్లుగా వెళ్లిన పగుళ్లు, తలుపు పైమూల నుంచి ఏటవాలుగా సాగిన గీతలు, గొళ్లెం పడని తలుపులు గమనించండి. అనుమానం వస్తే ఫౌండేషన్ రిపేర్ కంపెనీని కాదు, విడిగా స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలిపించండి. రిపేర్ అమ్ముకునేవాళ్ల చేత రిపేర్ కావాలో లేదో చెప్పించుకోకూడదు. కొన్నాక స్లాబ్‌కు 12 నుంచి 18 అంగుళాల దూరంలో సోకర్ హోస్ (నీరు మెల్లగా ఊరే గొట్టం) వేసి, ఎండాకాలం అంతా నేల ఒకే తడితో ఉండేలా చూడాలి. ఆ సందులోకే నేరుగా నీళ్లు పోస్తే కింద మట్టి ఒకచోటే ఉబ్బి నష్టం పెరుగుతుంది.

ఎస్క్రో దగ్గర కొత్త ఇల్లు కొన్నవాళ్లు చాలామంది ఇబ్బంది పడతారు. టెక్సస్‌లో జనవరి 1 నాటికి ఏముందో దాని మీదే ఆ ఏడాది పన్ను. అప్పటికి ఇల్లు పూర్తి కాకపోతే స్థలానికి, కట్టినంత మేరకే బిల్లు వస్తుంది. లెండర్ ఆ 2,000 డాలర్ల బిల్లు చూసి నెలవారీ ఎస్క్రో లెక్కేస్తాడు. తర్వాతి ఏడాది పూర్తి ఇంటికి 12,000 వస్తుంది. అప్పుడు నెలకు 830 పెరుగుతుంది, దాని మీద పాత కొరత కూడా కలుస్తుంది. క్లోజింగ్ (ఇల్లు మీ పేరుకు మారే రోజు) సమయంలోనే "పూర్తయిన ఇంటి విలువ మీద ఎస్క్రో పెట్టండి" అని అడగండి. ఒప్పుకోకపోతే ఆ తేడా మీరే ప్రతి నెలా పక్కన పెట్టుకోండి.

కరెంటు సంగతి క్లుప్తంగా: చాలా ప్రాంతాల్లో కంపెనీని మీరే ఎంచుకోవాలి. "1000 యూనిట్లు దాటితే 100 డాలర్ల క్రెడిట్" అనే ప్లాన్లు పోలిక పట్టికలో పైన కనిపిస్తాయి. 990 యూనిట్లు వాడిన నెలలో ఆ క్రెడిట్ రాదు, అందుకే వాడకం తగ్గే వసంతకాలంలో బిల్లు పెరుగుతుంది. 500, 1000, 2000 యూనిట్ల దగ్గర రేటు దాదాపు ఒకేలా ఉన్న 12 నెలల ఫిక్స్‌డ్ ప్లాన్ తీసుకోండి. ఫ్రిస్కో, లిటిల్ ఎల్మ్‌లలో కొన్ని కాలనీలు కోసర్వ్ కోఆపరేటివ్ కింద ఉన్నాయి, అక్కడ ఎంపిక ఉండదు.

స్కూలు విషయంలో ఊరి పేరు నమ్ముకోవద్దు. ఫ్రిస్కో చిరునామా ఉన్న ఇల్లు ఫ్రిస్కో ఐఎస్‌డీ (స్కూల్ డిస్ట్రిక్ట్)లో ఉండొచ్చు, ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ ఐఎస్‌డీల్లోనూ ఉండొచ్చు. చిరునామా ఐఎస్‌డీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి.

నార్త్_ఫుల్టన్

కొత్తగూడు గారూ, అట్లాంటాలో మీ నిర్ణయమంతా మిడ్‌టౌన్ ఆఫీసు మీద ఆధారపడి ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండేది కమింగ్, ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్. అక్కడి నుంచి పొద్దున మిడ్‌టౌన్‌కు కారులో వెళ్లాలంటే జీఏ 400 హైవే, ఆ తర్వాత 285 రింగు రోడ్డు దగ్గర ట్రాఫిక్ ముడి, రోజూ అదే. మార్టా రైలు రెడ్ లైన్ నార్త్ స్ప్రింగ్స్ దగ్గరే ఆగిపోతుంది, ఆల్ఫరెటా దాకా రాదు. నార్త్ స్ప్రింగ్స్‌లో కారు పెట్టి రైలెక్కితే మిడ్‌టౌన్ స్టేషన్‌లో నేరుగా దిగొచ్చు. కాబట్టి ఫోర్సైత్ కౌంటీ స్కూళ్లు ఎంత బాగున్నా, వారానికి మూడు రోజులు మిడ్‌టౌన్ అయితే శాండీ స్ప్రింగ్స్, డన్‌వుడీ, రాజ్‌వెల్ ముందు చూడండి. 5.5 లక్షలకు అక్కడ ఇల్లు పాతదీ చిన్నదీ వస్తుంది, టౌన్‌హోమ్ కావొచ్చు. ఆ రాజీ మీకు సరిపోతుందో లేదో ఇప్పుడే తేల్చుకోవాలి.

ఇళ్లలో ఇక్కడ చూడాల్సినవి వేరు. బేస్‌మెంట్ ఉంటే గోడల అడుగున తెల్లటి ఉప్పు పొరలా కనిపిస్తోందేమో చూడండి, అది నీరు ఊరుతున్నదానికి గుర్తు. గ్రానైట్ నేల కాబట్టి రేడాన్ (నేల నుంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక వాయువు) టెస్ట్ తప్పనిసరిగా చేయించండి. కనీసం 48 గంటల పరీక్ష, లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే, దాన్ని తగ్గించే ఫ్యాన్‌ను ఇల్లు అమ్మేవాళ్ల చేతే పెట్టించుకోవచ్చు. చెదపురుగులు ఎక్కువ. టర్మైట్ బాండ్ (చెదల కంపెనీతో ఉండే రక్షణ ఒప్పందం) ఉందా, కొనేవాళ్ల పేరు మీదకు మారుతుందా అని రాతలో అడగండి. ఫోర్సైత్, మిల్టన్ వైపు చాలా ఇళ్లకు మురుగునీటి లైను లేదు, సెప్టిక్ ట్యాంకే. కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ పర్మిట్‌లో ఎన్ని బెడ్‌రూములకు అనుమతో రాసి ఉంటుంది. నాలుగింటికి అనుమతి ఉన్న ఇంటిని బేస్‌మెంట్‌లో గది కట్టి ఐదు అని అమ్ముతుంటే జాగ్రత్త. ట్యాంకు మూడు నుంచి ఐదేళ్లకోసారి తోడించాలి.

ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే మార్చి చివర, ఏప్రిల్‌లో ఇక్కడి పైన్ పుప్పొడిని లెక్కలోకి తీసుకోండి. కార్లన్నీ పసుపు రంగులోకి మారతాయి. డాలస్‌లో ఆ బాధ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సీడర్ చెట్లతో.

ఇండియా ప్రయాణం: డాలస్ నుంచి ఎమిరేట్స్, ఖతార్ రెండూ ఉన్నాయి, ఒక్క మార్పుతో హైదరాబాద్. ఇక్కడి నుంచి ఖతార్ దోహా మీదుగా వెళ్తుంది. కానీ ఎయిర్‌పోర్ట్ ఊరికి దక్షిణాన, కమింగ్ నుంచి 50 మైళ్ల దరిదాపు, ఊరంతా దాటి వెళ్లాలి. పెద్దవాళ్లు తరచూ వచ్చిపోయే ఇంటికి ఇది చిన్న విషయం కాదు. రివర్‌డేల్‌లోని వెంకటేశ్వరస్వామి గుడి కూడా ఆ వైపే.

కొత్తగూడు_22

చాలా ఉపయోగపడింది, అందరికీ థాంక్స్. రెండు సందేహాలు మిగిలాయి. పాపకు ప్రీకే (కిండర్‌గార్టెన్‌కు ముందు ఏడాది క్లాసు) ఎక్కడ ఉచితం? నా పెర్మ్ (గ్రీన్ కార్డుకు మొదటి మెట్టు) ఇంకా మొదలుపెట్టలేదు. మా ఆవిడకు ఐ140 (దాని తర్వాతి మెట్టు) అప్రూవ్ అయింది, న్యూజెర్సీ చిరునామా మీద. ఊరు మారితే ఏమవుతుంది?

ఫారమ్స్_అన్నీ

ప్రీకే: జార్జియాలో సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్లు నిండిన పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితం. రాష్ట్ర లాటరీ డబ్బుతో నడుస్తుంది. రోజుకు ఆరున్నర గంటలు, ఏడాదికి 180 రోజులు. అయితే సీట్లు పరిమితం, మంచి సెంటర్లలో డ్రా తీస్తారు, వసంతకాలంలోనే దరఖాస్తు పెట్టాలి. టెక్సస్‌లో అందరికీ ఉచితం కాదు, అర్హతలు ఉంటాయి. వాటిలో తక్కువ ఆదాయం ఒకటి, పిల్లకు ఇంగ్లిష్ మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాకపోవడం ఇంకొకటి. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంటే ఆ అర్హత అడిగి చూడండి. రిజిస్ట్రేషన్‌లో ఇంటి భాష ఫారం నిజాయితీగా నింపితే వాళ్లే పరీక్షిస్తారు. అర్హత ఉన్న నాలుగేళ్ల పిల్లలకు పూర్తిరోజు క్లాసు. కిండర్‌గార్టెన్‌కు రెండు చోట్లా సెప్టెంబరు 1కి ఐదు నిండాలి.

వీసా: ఇద్దరికీ హెచ్‌1బీ అమెండ్‌మెంట్ (వీసా పిటిషన్‌లో మార్పు) కావాలి. మెట్రో ప్రాంతం మారితే కొత్త ఎల్‌సీఏ (జీతం, పనిచోటు గురించి కంపెనీ కార్మిక శాఖకు ఇచ్చే పత్రం), దాని మీద అమెండ్‌మెంట్ పడాలని 2015 సిమియో కేసు నిర్ణయం. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఇల్లే పనిచేసే చోటు, కాబట్టి మేడమ్ గారికీ ఇదే వర్తిస్తుంది. అమెండ్‌మెంట్ ఫైల్ అయ్యాక కొత్త చోట పని మొదలుపెట్టొచ్చు, అప్రూవల్ దాకా ఆగక్కర్లేదు. ఫైల్ కాకముందు సామాను ఎక్కించకండి. ఆవిడ కంపెనీ ఆ రాష్ట్రంలో పేరోల్ నడుపుతోందో లేదో కూడా ముందే కనుక్కోండి. నడపకపోతే వాళ్లు రిజిస్టర్ చేసుకోవాలి, కొన్ని కంపెనీలు అందుకు ఒప్పుకోవు.

మీ పెర్మ్ మొదలు కాలేదు కాబట్టి మీకు సులువు. ప్రివెయిలింగ్ వేజ్ (ఆ ప్రాంతంలో ఆ పనికి ఉన్న జీతం) రిక్వెస్ట్ పెట్టేముందే ఊరు ఖాయం చేసి హెచ్ఆర్‌కు ఈమెయిల్‌లో రాయండి. ఆవిడ విషయంలో ఐ140 అప్రూవ్ అయింది కాబట్టి ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు వరుసలో ఆవిడ తేదీ) నిలుస్తుంది. కానీ పెర్మ్‌లో రాసిన ప్రాంతం దాటి వెళ్తే కొత్త పెర్మ్, కొత్త ఐ140 కావాల్సి రావచ్చు. పెర్మ్ ఫారంలో "దేశంలో ఎక్కడి నుంచైనా పనిచేయొచ్చు" అన్న మాట ఉందో లేదో లాయర్‌తో చదివించండి. ఉంటే చాలా పని తప్పుతుంది.

వెళ్లాక వరుస: పది రోజుల్లోగా ఏఆర్11 (చిరునామా మార్పు ఫారం) ఆన్‌లైన్‌లో, ఇంట్లో అమెరికా పౌరులు కాని ప్రతి ఒక్కరికీ విడివిడిగా. కారు రిజిస్ట్రేషన్ రెండు రాష్ట్రాల్లోనూ 30 రోజుల్లో. లైసెన్సుకు జార్జియాలో 30 రోజులు, టెక్సస్‌లో 90. టెక్సస్ డీపీఎస్ (లైసెన్సులిచ్చే ఆఫీసు) అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం, లీజు సంతకం చేసిన రోజే బుక్ చేసుకోండి. హోమ్‌స్టెడ్ దరఖాస్తుకు కొత్త చిరునామా ఉన్న టెక్సస్ లైసెన్సు అడుగుతారు కనుక ఇల్లు కొన్నాక లైసెన్సులో చిరునామా మార్చడం మర్చిపోవద్దు. జార్జియాలో అయితే జనవరి 1 నాటికి ఆ ఇంట్లో ఉండి, ఏప్రిల్ 1 లోపు దరఖాస్తు ఇవ్వాలి. జనవరి 5న క్లోజింగ్ పెట్టుకుంటే ఆ ఏడాది మినహాయింపు పోయినట్టే. డిసెంబరు చివర్లో క్లోజ్ చేసి ఇంట్లోకి మారడానికి వీలుంటే అలాగే చేయండి.