పాచికల బేస్‌బాల్: పిచర్ (బంతి విసిరేవాడు) బ్యాటింగ్‌కి మీ లీగ్‌లో ఏం రూల్ పెట్టుకున్నారు?

డబుల్‌ప్లే: సాయంత్రం నుంచి రూల్స్ కాగితం ముందేసుకుని కూర్చున్నా, ఒక్కటీ తేలడం లేదు. నిజం ఆటగాళ్ల కార్డులతో పాచికలేసి ఆడే మా లీగ్‌లో ఒకాయన పిచర్ జేకబ్ డిగ్రామ్‌ని పించ్ హిట్టర్‌గా (ఇంకొకరి బదులు బ్యాటింగ్‌కి) దింపుతున్నాడు. పిచింగ్‌కి కాదండీ బాబూ, బ్యాటింగ్‌కి! నిన్న ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు బేస్‌ల మీదుండగా పాచికలేశాడు, డబుల్ (రెండు బేస్‌ల హిట్) పడింది, మ్యాచ్ పోయింది. అడిగితే "వద్దని ఎక్కడ రాసుంది?" అంటాడు. నిజమే, ఎక్కడా లేదు. మీరేం హౌస్ రూల్ పెట్టుకున్నారు? శనివారం మళ్లీ ఆయనతోనే మ్యాచ్, టెన్షన్‌గా ఉంది.

బుల్‌పెన్: ఏ గేమ్? ఏ సీజన్?

పాచికల పంతులు: గేమ్ ఏదైతేనేం, రోగం ఒకటే. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని రెండు లీగ్‌లలో అమెరికన్ లీగ్ 1973లోనే డీహెచ్ (పిచర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు) తెచ్చుకుంది. ఏప్రిల్ 6న బోస్టన్‌లో యాంకీస్ తరఫున రాన్ బ్లూమ్‌బర్గ్ మొట్టమొదటి డీహెచ్‌గా దిగి, బేస్‌లు నిండి ఉండగా వాక్ (నాలుగు చెడ్డ బంతులకి ఉచితంగా దొరికే బేస్) సంపాదించాడు. నేషనల్ లీగ్ మాత్రం మొండికేసింది. 2020లో ఒప్పుకుని, 2021లో మానేసి, 2022లో దారికొచ్చింది. మీరూ డీహెచ్ పెట్టేసుకోండి, గొడవ వదులుతుంది.

స్కోర్‌షీట్: పంతులుగారూ, డీహెచ్ ఉన్నా ఆయన డిగ్రామ్‌ని పించ్ హిట్టర్‌గా దింపొచ్చు కదండీ. అది వేరే సంగతి. డబుల్‌ప్లే గారూ, స్ట్రాట్-ఓ-మాటిక్ (బజార్లో దొరికే కార్డుల బేస్‌బాల్ ఆట) అయితే పిచర్లకి విడిగా బ్యాటింగ్ కార్డు ఉండదు, పిచర్ బ్యాటింగ్ నంబర్‌ని బట్టి ఉమ్మడి కార్డు చూస్తారు. మరి మీ దాంట్లో అంత మంచి కార్డు ఎలా వచ్చింది?

డబుల్‌ప్లే: అయ్యో, చెప్పలేదా? మావి కొన్న కార్డులు కావు. ఆపా అనే ఇంకో కార్డుల ఆట తరహాలో రెండు పాచికలు, వాటిని రెండంకెల సంఖ్యగా చదివితే 11 నుంచి 66 దాకా 36 గళ్లు. 2021 సీజన్ లెక్కలు చూసి మేమే తయారు చేసుకున్నాం. అది అందరికీ తెలుసనుకున్నా.

బుల్‌పెన్: మాకెలా తెలుస్తుంది?

స్కోర్‌షీట్: ఇప్పుడు అర్థమైంది. ఆ ఏడాది డిగ్రామ్ 33 ఏబీల్లో (సగటు లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలు) 12 హిట్లు కొట్టాడు, సగటు .364. దాన్ని ఉన్నదున్నట్టు 36 గళ్లలోకి దించితే 13 గళ్లు హిట్లే! ఆ సీజన్‌లో పిచర్లందరి సగటు .110 దగ్గరే ఉంది, అంటే నాలుగు గళ్లు. 33 ఏబీలు చూసి కార్డు చేయకూడదు. ఆయన లెక్కకి .110 చొప్పున ఇంకో 100 ఏబీలు కలపండి. 133కి 23 హిట్లు, .173, ఆరు గళ్లు. అప్పటికీ పిచర్లలో మంచి బ్యాటరే, కానీ బెంచ్ మీదున్న బ్యాటర్‌ని కాదని ఎవరూ దింపరు.

టెయిలెండర్: క్రికెట్‌లో పదకొండో నంబర్ వాడు సిక్స్ కొడితే చప్పట్లు కొడతాం. మీరేమో కార్డు చించేస్తున్నారు 😀

బుల్‌పెన్: 33 ఏబీలు అవగానే బ్యాటింగ్ బంద్. అంతే.

స్కోర్‌షీట్: ఏబీ కాదన్నా, ప్లేట్ అప్పియరెన్స్ (బ్యాటింగ్‌కి వచ్చిన ప్రతిసారీ) అని రాయాలి. శాక్రిఫైస్ బంట్ (తాను ఔటైనా రన్నర్‌ని ముందుకు పంపడానికి బంతిని మెల్లగా తట్టడం) ఏబీ కిందికి రాదు. పిచర్లు తరచూ వేసేవి అవే. వాక్‌లూ లెక్కలోకి రావు. ఏబీ అని రాస్తే నోట్లో వేలు పెట్టుకుని చూడాల్సిందే.

బుల్‌పెన్: మా లీగ్‌లో ఇన్నేళ్లుగా ఏబీయే. ఎవరూ చావలేదు.

స్కోర్‌షీట్: అడిగేవాడు తగల్లేదు కాబట్టి.

డబుల్‌ప్లే: పిచింగ్‌కి మాత్రం డిగ్రామ్ నిజంగా ఆడిన 15 స్టార్ట్‌లే (మొదటి నుంచి పిచింగ్ చేసిన మ్యాచ్‌లు) అని పరిమితి పెట్టుకున్నాం. బ్యాటింగ్ ఎవరికీ తట్టలేదు. బెంచ్ ఖాళీ అయితే తప్ప పిచర్ పించ్ హిట్టర్‌గా రాకూడదని రాస్తే?

స్కోర్‌షీట్: రాయండి, కానీ అదొక్కటే చాలదు. డిగ్రామ్ స్టార్ట్ చేసిన రోజున ఆ 13 గళ్ల కార్డుతోనే బ్యాటింగ్‌కి వస్తాడుగా. మొదట కార్డు సరిచేయండి.

పాచికల పంతులు: 2021 అంటున్నారు, మరి పిచింగూ బ్యాటింగూ రెండూ చేసే ఓటానీ సంగతేంటి? పిచింగ్ రోజున ఆయన బ్యాట్ కావాలంటే అప్పటి ఆయన టీమ్ ఏంజల్స్ డీహెచ్‌ని వదులుకోవాల్సి వచ్చేది. పిచింగ్ ఆపేశాక కూడా డీహెచ్‌గా కొనసాగొచ్చన్న రూల్ 2022లో వచ్చింది. 2021లో ఆయనవి 46 హోమ్ రన్లు. ఆయన్ని పిచర్ కింద లెక్కేసి మీరు ఆ .110 కలిపితే ఘోరం!

స్కోర్‌షీట్: ఆయనకెందుకు కలుపుతామండీ, 500 పైన ఏబీలున్నాయి.

డబుల్‌ప్లే: ఆరు గళ్ల లెక్క గ్రూపులో పెట్టా. ఆ డిగ్రామ్ కార్డున్నాయన సీజన్ మధ్యలో కార్డు మార్చనంటున్నాడు, పించ్ హిట్టర్ రూల్‌కి మాత్రం సరేనన్నాడు. థ్యాంక్సండీ.

పాచికల పంతులు: ఓటానీ మీ లీగ్‌లో ఎవరి దగ్గరున్నాడు?