‘దేవుడు ఉన్నాడా’ చర్చ యాగంటి బసవన్న దగ్గర ఆగిపోకుండా ఎట్ల నడపాలి?

బురుజుకాడ (కర్నూలు):
డిగ్రీ పిల్లలతో ‘దేవుడు ఉన్నాడా, లేడా’ అని చర్చ పెడుతున్నాం. పక్షానికి ముగ్గురు, మొత్తం 90 నిమిషాలు. మన సీమలో ఈ మాట ఎక్కడ మొదలైనా చివరికి యాగంటికే చేరుతుంది. అక్కడి గుడిలోని రాతి నంది, బసవన్న, 20 ఏళ్లకు అంగుళం పెరుగుతున్నాడు కదా, దానికేమంటారు అని ఒకరు, అదంతా కట్టుకథ అని ఇంకొకరు. కొలత మాత్రం ఇద్దరి దగ్గరా ఉండదు. అక్కడ గొంతులు లేస్తాయి, ఆ తర్వాత ఏ వాదమూ వినబడదు. ఈ సంగతి ఎత్తొద్దని ముందే చెప్పాలా? వాదాలకు పిల్లల్ని ఎట్ల తయారు చేయాలి?

పెన్నేటిగట్టు:
అన్నా, ముందు అంశం మార్చండి. ‘దేవుడు’ అన్న ఒక్క మాటలో మూడు సంగతులు కలిసిపోయి ఉన్నాయి: జగత్తును చేసిన కర్త, మొక్కు విని పలికే వేలుపు, గుణాలేవీ లేని బ్రహ్మం. ఒకడు మొదటిదాన్ని నిలబెడుతుంటే ఎదుటివాడు రెండోదాన్ని కొడుతుంటాడు. ‘ఈ జగత్తుకు తెలివిగల కర్త ఉన్నాడు’ అని పెట్టండి, రెండు పక్షాలకూ పట్టు దొరుకుతుంది.

‘నాస్తికుడు’ మాటకూ హద్దు గీయండి. శాస్త్రాల్లో ఆ మాట ఎక్కువగా వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోనివాడికే వాడారు. వేదంలోని కర్మకాండను విచారించే మీమాంసకులు వేదాన్ని నెత్తిన పెట్టుకున్నారు, అయినా వాళ్లలో పెద్దవాడైన కుమారిల భట్టు సృష్టికర్తను ఒప్పుకోలేదు. మరి ఆయన ఏ పక్షం బల్ల దగ్గర కూర్చోవాలి? ఇది తేల్చకుండా మొదలుపెడితే సగం పొద్దు మాటల మీదే పోతుంది.

ఆస్తిక పక్షానికి న్యాయశాస్త్రం (తర్కశాస్త్రం) వాళ్ల, అంటే నైయాయికుల, అయిదు మెట్లు నేర్పండి. ప్రతిజ్ఞ: భూమికీ మొలకకూ కర్త ఉన్నాడు. హేతువు: అవి కార్యాలు, అంటే ఒకప్పుడు లేక తర్వాత పుట్టినవి, గనుక. ఉదాహరణ: కార్యమైన ప్రతిదానికీ కర్త ఉంటాడు, కుండకు కుమ్మరిలా. ఉపనయం: భూమీ మొలకా అటువంటివే. నిగమనం: కాబట్టి కర్త ఉన్నాడు. నైయాయికుడైన ఉదయనుడు న్యాయకుసుమాంజలి అనే గ్రంథంలో వరసగా చెప్పిన కారణాల్లో మొదటిది ఇదే.

నాస్తిక పక్షం పిల్లలు వెంటనే ‘మరి దేవుణ్ణి ఎవరు చేశారు’ అంటారు. ఆ దెబ్బ తగలదు. హేతువు ‘కార్యాలు గనుక’ అని కదా, ఈశ్వరుడు, అంటే ఆ జగత్కర్త, కార్యమని ఆస్తిక పక్షం అననే లేదు. కొట్టాల్సింది ఉదాహరణను. కుమ్మరికి ఒళ్లుంది, సారె తిప్పే చేతులున్నాయి. మనం చూసిన కర్తలంతా శరీరం ఉన్నవాళ్లే. జగత్కర్తకూ ఒళ్లుందనాలి, లేదా కుమ్మరిని వదులుకోవాలి. కర్తకు కావలసింది తెలివి, ఇచ్ఛ, ప్రయత్నమే, ఒళ్లు కాదని నైయాయికుల జవాబు. ఒళ్లు లేని ప్రయత్నం ఎక్కడ చూశారో చెప్పండని మళ్లీ ప్రశ్న. ఈ ఒక్క పట్టు మీద పిల్లల్ని అరగంట నిలబెట్టగలిగితే చాలు.

గుత్తికోట:
యాగంటిని ఎత్తొద్దని చెప్పకండి సార్. కొలిస్తే తేలే మాట అది. చర్చకు ముందే విడిగా ఒక కాగితం మీద పెట్టి పంచండి.

అంగుళం అంటే 25.4 మి.మీ. 20 ఏళ్లకు అంత పెరిగితే ఏడాదికి సుమారు 1.3 మి.మీ. చెక్కిన రాతి వంపుల మీద స్టీలు టేపు పెట్టినా మనిషి మనిషికీ రెండు మూడు మి.మీ. తేడా వస్తుంది, గుడ్డ టేపైతే సాగుతుంది కూడా. అంటే ఒక ఏడాది కొలతతో పెరిగిందనీ చెప్పలేరు, పెరగలేదనీ చెప్పలేరు.

నేల నుంచి కొలవకండి, బండలు మళ్లీ పరిస్తే లెక్క మొత్తం పోతుంది. మండపానికి బయట, కదలని రాతి మీద రెండు గుర్తులు ఎంచుకుని సర్వేవాళ్లు ఎత్తులు చూసే లెవెల్ మిషన్‌తో ఎత్తు తీయాలి. మూపురం మీద అభిషేకాల నూనె, పసుపు, కుంకుమ పేరుకుని గట్టిపడితే అదే ఎత్తు పెంచుతుంది. అందుకే చేతులు తగలని పక్క భాగంలోనూ ఒక చోటు ఎంచుకోవాలి. ఎండ సంగతి చాలామంది మరిచిపోతారు. గ్రానైటు లాంటి రాయి డిగ్రీకి మీటరుకు సుమారు 0.008 మి.మీ. వ్యాకోచిస్తుంది. అయిదు మీటర్ల పొడవు అనుకుంటే 20 డిగ్రీల తేడాకు 0.8 మి.మీ., ఏడాది పెరుగుదలలో సగానికి పైనే! ప్రతి ఏడూ అదే నెలలో, తెల్లవారుజామునే, ఒక్కో చోట అయిదుసార్లు తీసి సగటు రాసుకోవాలి. కనీసం మూడేళ్లు.

ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణకు సందు ఉండేదనీ ఇప్పుడు లేదనీ చెప్పుకుంటారు. స్తంభానికీ నందికీ మధ్య దూరం కాలిపర్‌తో తీయొచ్చు, కానీ స్తంభం ఒరిగినా ఆ దూరం తగ్గుతుంది. పక్కనే తూకపు గుండు (దారానికి కట్టిన బరువు) వేలాడదీసి స్తంభం నిలువుగా ఉందో లేదో చూసుకోవాలి. దేవాలయ ఈవో అనుమతి రాతపూర్వకంగా ఉండాలి, పూజ వేళ వద్దు, రాతికి మేకు గానీ రంగు గానీ తగలకూడదు.

బురుజుకాడ:
పెరగలేదని తేలితే నాస్తిక పక్షం గెలిచినట్టేనా మరి?

పెన్నేటిగట్టు:
కాదప్పా. కలియుగాంతాన బసవన్న లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారి పేరున చెప్పుకునే మాటకు మాత్రమే అది తగులుతుంది. జగత్కర్త వాదంలో నంది ఊసే లేదు. పెరిగిందని తేలినా అంతే, రాయి ఎందుకు ఉబ్బిందో భూగర్భశాస్త్రం వాళ్లను అడగాలి.

నాస్తిక పక్షానికి గట్టి వాదం కష్టాల మీద ఉంది. కర్త దయగలవాడైతే లోకంలో ఇంత తేడా ఎందుకు? వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాలు (2.1.34) ఈ ప్రశ్నను నేరుగా ఎత్తుకుని, కర్మను బట్టి ఫలమిస్తాడు గనుక పక్షపాతమూ లేదు, క్రూరత్వమూ లేదు అంటాయి. శంకరుల భాష్యంలో ఈశ్వరుడికి వాన పోలిక. వాన అన్నిటికీ ఒకటే, వరి, యవలు వేరువేరుగా రావడం విత్తును బట్టి. అనంతపురం పిల్లవాడు ఇక్కడే లేచి అడగాలి: మా శనగచేలో వానే ఒక గట్టు ఇవతల పడి అవతల పడదు, విత్తనం మాత్రం ఇద్దరిదీ ఒకటే, దీనికి జవాబేమిటి? దానికీ కర్మే కారణమంటే మీమాంసకుల ప్రశ్న ముందుకొస్తుంది. కర్మే ఫలమిస్తుంటే మధ్యలో ఈశ్వరుడెందుకు? జడమైన కర్మ తనంతట తాను లెక్క చూడలేదని వేదాంతి జవాబు. ఇంతవరకు వస్తే చర్చ నిజంగా జరిగినట్టే.

గుత్తికోట:
సమయం ఇట్ల పంచుకోండి: అంశం, మాటల అర్థాలు 10 నిమిషాలు, పక్షానికి 15 చొప్పున 30, ఎదురు ప్రశ్నలు 25, సభ నుంచి ప్రశ్నలు 25. జవాబు ఇచ్చే ముందు ఎదుటివాళ్ల వాదాన్ని వాళ్లు ‘అవును, ఇదే మేమన్నది’ అనేదాకా తిరిగి చెప్పాలన్న నియమం పెట్టండి. విగ్రహాలు, బొమ్మలు వేదిక మీదకి తేవద్దు. ఒక మతాన్ని కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే భారతీయ న్యాయ సంహిత 299 కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. వాదాన్ని కొట్టడం వేరు, మతాన్ని తిట్టడం వేరు అని పిల్లలకు ముందే విడమరచండి. వేమనను రెండు పక్షాలూ వాడుకుంటాయి. ఆయన తప్పుపట్టింది చిత్తశుద్ధి లేని పూజను, శివుణ్ణి కాదు. పద్యం ఎత్తినవాళ్లు దాని అర్థం కూడా చెప్పాలి. సభ ప్రశ్నలు చీటీల మీద తీసుకుని నిర్వాహకులే చదవాలి, యాగంటి మీద వచ్చినవాటికి ఆ కొలతల కాగితం చూపిస్తే సరిపోతుంది.