నల్లజాతి పేటల సినిమాలు మేలు చేశాయా, చెడు చేశాయా?

మ్యాట్నీ ఆట:
జాన్ సింగిల్టన్ 1991లో తీసిన 'బాయ్జ్ ఎన్ ద హుడ్', హ్యూస్ అన్నదమ్ములు 1993లో తీసిన 'మెనేస్ టు సొసైటీ' ఈ వారం వరసగా చూశాను. రెండూ లాస్ ఏంజిలెస్ నల్లజాతి పేటల కథలే, తీసినవాళ్ళూ నల్లజాతివాళ్ళే. అయినా చూసినవాళ్ళ బుర్రలో మిగిలేది తుపాకులే. 'మెనేస్' మొదలవడమే కొరియన్ దంపతుల కొట్లో జంట హత్యతో. అమెరికా వచ్చిన మన పిల్లలకి సీనియర్లు "ఆ ఏరియాకి మాత్రం వెళ్ళకండి" అంటుంటారు. వాళ్ళలో ఎంతమంది ఆ వీధుల్లో అడుగు పెట్టి ఉంటారు? ఆ భయంలో సినిమాల వాటా పెద్దదే. అందుకే చెడే ఎక్కువ చేశాయంటాను.

కృష్ణపక్షం:
మ్యాట్నీ గారూ, ఒప్పుకోను. సింగిల్టన్ పెరిగింది అక్కడే. 'బాయ్జ్ ఎన్ ద హుడ్' విడుదలయ్యేనాటికి ఇరవై మూడేళ్ళ కుర్రాడు. ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ నామినేషన్ అందుకున్న తొలి నల్లజాతి వ్యక్తి ఆయనే.

అందులో లాస్ ఏంజిలెస్ పక్కనున్న కాంప్టన్‌లో జరిగే సీన్ గుర్తు చేసుకోండి. ఇళ్ళు కొంటామన్న హోర్డింగ్ కింద నిలబడి హీరో తండ్రి ఫ్యూరియస్ మాట్లాడతాడు. పేట ధరలు పడగొట్టి, చవగ్గా కొని, ఉన్నవాళ్ళను ఎలా సాగనంపుతారో విడమరుస్తాడు. వీధికో తుపాకుల షాపు, సారా కొట్టు ఎందుకున్నాయని అడుగుతాడు. గుంపులోంచి ఒక ముసలాయన అడ్డుపడతాడు: బయటివాళ్ళ సంగతెందుకు, కాల్చుకు చస్తున్నది ఈ కుర్రాళ్ళే కదా అని. మనం ఇక్కడ చేస్తున్న వాదన ఆ సినిమాలోనే ఉంది!

ఇక హీరో స్నేహితుడు రికీ. కాలేజీ స్కాలర్‌షిప్‌కి ప్రవేశ పరీక్షలో 700 మార్కులు రావాలి. వాణ్ణి కాల్చి చంపిన రోజే తల్లి ఫలితాల కవరు విప్పితే 710 వచ్చాయి. ఆ కాగితం చూశాక కూడా తుపాకే గుర్తుంటే తప్పు దర్శకుడిది కాదు.

'మెనేస్'లో ఆ హంతకుడు కొట్లోని సీసీటీవీ టేపు ఎత్తుకొచ్చి ఫ్రెండ్స్‌కి వేసి చూపిస్తాడు, వాళ్ళు ఎగబడి చూస్తారు. హత్యను వినోదంలా చూసే మనకే చురక అది.

నడిరేయి రైలు:
ఇద్దరికీ ఒక మాట. చార్లెస్ బర్నెట్ 'కిల్లర్ ఆఫ్ షీప్' చూడండి. లాస్ ఏంజిలెస్‌లోనే వాట్స్ అనే నల్లజాతి పేట, 1970ల కాలం, పదివేల డాలర్లలోపు ఖర్చుతో యూనివర్సిటీ థీసిస్‌గా తీసింది. హీరో స్టాన్ గొర్రెల కబేళాలో పనిచేస్తాడు. మిత్రుడితో కలిసి పాత ఇంజిన్ ఒకటి కొని, మెట్ల మీదుగా ఈడ్చుకుంటూ దింపి, పికప్ వెనక అంచున పెడతాడు. ఇంకాస్త లోపలికి నెట్టే ఓపిక లేదు. బండి కదలగానే కింద పడి పగిలిపోతుంది. ఇద్దరూ దాన్ని చూసి, వదిలేసి పోతారు. పేదరికం మీద ఇంతకంటే గట్టి సీన్ నేనైతే చూడలేదు, అందులో ఒక్క తూటా పేలదు.

మ్యాట్నీ ఆట:
నేననేది కూడా అదేగా! ఇలాంటివి ఎందుకు రాలేదు?

నడిరేయి రైలు:
వచ్చాయి, మన దాకా రాలేదు. పాటల హక్కుల చిక్కు వల్ల బర్నెట్ సినిమా థియేటర్లలో సరిగ్గా రిలీజయ్యింది 2007లో. సింగిల్టన్‌కి మాత్రం కొలంబియా లాంటి పెద్ద స్టూడియో దొరికింది. సినిమా ఆడింది, అదే మూసలో మరిన్ని కావాలన్నారు. జూలీ డాష్ 'డాటర్స్ ఆఫ్ ద డస్ట్' కూడా 1991దే, అమెరికాలో విస్తృతంగా విడుదలైన, నల్లజాతి మహిళ తీసిన తొలి ఫీచర్ ఫిల్మ్. తర్వాత పెద్ద తెరకు ఇంకో సినిమా తీయడానికి ఆమెకి దారి దొరకలేదు. మీ కోపం డబ్బు పెట్టినవాళ్ళ మీద చూపించండి, నేనూ మీతో కలుస్తాను.

కృష్ణపక్షం:
ఇక్కడ రైలు గారితో ఏకీభవిస్తాను. కానీ ఫ్యూరియస్ సీన్‌ని మాత్రం వదులుకోను.