వణుకు మాత్ర ఎన్నాళ్లు వేయాలి?

గాజువాక అక్క:
తమ్ముడికి స్కిజోఫ్రెనియా. జబ్బుకు హాలోపెరిడాల్ రాసి, దానివల్ల వణుకు రాకుండా మొదటిరోజే ప్యాసిటేన్ మాత్ర కూడా రాశారు. ఏళ్లు గడిచాయి, చీటీలో అదే కొనసాగుతోంది. నోరు పిడచకట్టుకుపోతుంది, మలబద్ధకం, ఇప్పుడు చెప్పింది ఇప్పుడే మర్చిపోతున్నాడు. వాడికి వణుకే లేదు. ఈ మాత్ర ఆపేయొచ్చా?

పాడేరు వాసి:
ఆపొద్దండీ. మా బాబాయి కొడుక్కి ఇలాంటి జబ్బుకే ఇంజెక్షన్ చేసిన మర్నాడే మెడ పక్కకు తిరిగిపోయింది, కళ్లు పైకి వెళ్లిపోయాయి. ఊళ్లో దయ్యం పట్టిందన్నారు. విశాఖ తీసుకొచ్చి ప్రోమెథజీన్ ఇంజెక్షన్ చేయిస్తే తగ్గింది. ఆ తర్వాత వాడు మళ్లీ ఏ మందూ ముట్టలేదు. చినవాల్తేరు మానసిక ఆస్పత్రికి మా ఏజెన్సీ నుంచి నెలకోసారి రావడమే గగనం. మధ్యలో ఇలా అయితే దిక్కెవరు? ముందుగా వేయడమే మేలు.

నర్సింగ్ సిస్టర్, ఎంవీపీ కాలనీ:
మీ భయం నిజమే అన్నయ్యా. అది డిస్టోనియా, అంటే మందు వల్ల కండరాలు బిగుసుకుపోవడం. కుర్రవాళ్లలో ఎక్కువ, అదీ మందు మొదలెట్టిన లేదా డోసు పెంచిన తొలి రోజుల్లో. దూరం నుంచి వచ్చేవాళ్లకు ఆ కొన్నాళ్లు కాపుగా ఇస్తే నేనూ కాదనను. ఏళ్ల తరబడి ఎందుకన్నదే నా ప్రశ్న. అందరికీ రొటీన్‌గా ఇవ్వొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

పైగా ఈ జబ్బు మందుల వల్ల వచ్చే అన్ని కదలికలకూ ప్యాసిటేనే మందు కాదు. మనిషి కుదురుగా కూర్చోలేడు, గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. అది అకతీసియా. జబ్బు ముదిరిందనుకుని హాలోపెరిడాల్ లాంటి మందు డోసు పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. డోసు తగ్గించాలి, లేదంటే ప్రొప్రనలాల్ ఇస్తారు, ఆస్తమా ఉన్నవాళ్లకు మాత్రం అది పనికిరాదు. ఏళ్ల తర్వాత పెదాలు నములుతున్నట్టు కదలడం, నాలుక బయటికి రావడం టార్డివ్ డిస్కినీసియా. ప్యాసిటేన్ దాన్ని పెంచుతుంది కూడా! దానికి టెట్రాబెనజీన్ లాంటివి ఉన్నాయి, లేదా జబ్బు మందునే క్వెటియాపిన్, క్లోజపిన్‌కు మారుస్తారు.

పాడేరు వాసి:
ఓపీలో అంత రద్దీలో ఇవన్నీ ఎవరు చూస్తారు సిస్టర్?

నర్సింగ్ సిస్టర్, ఎంవీపీ కాలనీ:
ఇంట్లో వాళ్లే చూడాలి. నోరు, చేతులు, నడక ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి. అక్కా, ప్యాసిటేన్ ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. హాలోపెరిడాల్ జోలికి మాత్రం మీ అంతట మీరు వెళ్లొద్దు, జబ్బు తిరగబెడుతుంది. ఈలోగా డౌట్ వస్తే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

గాజువాక అక్క:
సరే సిస్టర్. మతిమరుపు సంగతి డాక్టర్‌కు ఇంతవరకూ చెప్పనేలేదు. వచ్చే ఓపీకి అదే ముందు అడుగుతాను.