ఎఫ్‌పీఓ డబ్బుల్తో విత్తన బ్యాంకా, టార్పాలిన్లా? మీరైతే దేనికి ఓటేస్తారు

తెనాలి కుర్రోడు:
కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి. మా ఊరి ఎఫ్‌పీఓలో, అంటే రైతు ఉత్పత్తిదారుల సంఘంలో, ఈ ఏడు కాస్త డబ్బు మిగిలింది. మొన్న మీటింగ్‌లో నేను ఆఫీసు పక్క గది ఖాళీ చేసి పాత రకాల వరి, కంది, మిరప విత్తనాలు దాచే బ్యాంకు పెడదాం అన్నా, పెద్దోళ్ళేమో నవ్వేసి కల్లంలో ధాన్యం తడిసిపోతుంటే నీ మ్యూజియం ఎవడిక్కావాలిరా, ఆ డబ్బుల్తో టార్పాలిన్లు కొందాం అన్నారు. నాకెందుకీ పిచ్చంటే, 2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మా నాన్న మూడెకరాల మిరప పూతలోనే పోయింది, చుట్టూ ఎవరి చేలో చూసినా అవే నాలుగైదు హైబ్రిడ్లు, అన్నీ ఒకేసారి పోయాయి. వేరే రకమంటూ ఒక్కటి ఉంటే నిలబడేదేమో అని ఇప్పటికీ అనిపిస్తది. తిట్టేవాళ్ళు కారణం చెప్పి తిట్టండి.

కొల్లిపర బాబాయ్:
కారణం చెప్పే తిడతా. మా పెరట్లో నాటు మిరప నాలుగు మొక్కలుండేయి, ఆ పురుగు వాటిని కూడా వదల్లా. కాబట్టి పాతదైతే తట్టుకుంటది అనేది కథ. ఇక వరి సంగతి, మా నాయన వేసిన కృష్ణకాటుకలు నేను చూశా, రొమ్ముల దాకా పెరిగేది, కార్తీకంలో ఒక్క గాలివాన కొడితే చాప పరిచినట్టు పడుకునేది. ఎకరానికి పదిహేను బస్తాలైతే పండగ. ఇయ్యాల నాకు కౌలే అంతకంటే ఎక్కువ పోద్ది. దాయటం బానే ఉంటది, పండించేదెవడు? పటాన్‌చెరు ఇక్రిశాట్ పరిశోధన కేంద్రంలో లక్షకి పైగా విత్తన శాంపిళ్ళు ఉన్నాయంట, ఢిల్లీ ఎన్‌బీపీజీఆర్‌లో, అదే కేంద్ర ప్రభుత్వ విత్తన బ్యాంకులో, నాలుగు లక్షల పైన. వాళ్ళకి జీతాలిచ్చి పెట్టుకుందే అందుక్కదా, మజ్జలో మన గది ఎందుకు.

బాపట్ల పీజీ:
బాబాయ్ గారూ, తామర పురుగు మాట ఒప్పుకుంటా. పాత రకం ప్రతిదీ మందులా పనిచేయదు, వెయ్యింట్లో ఒకటి పనికొస్తది, ఆ ఒకటి ఏదో ముందు తెలీదు, చిక్కంతా అదే. మీరు తినే బీపీటీనే, అదే సాంబ మసూరినే తీసుకోండి. 5204 మా బాపట్లలో పుట్టిందే, 1986లో వచ్చింది, రుచికి తిరుగులేదు కానీ ఎండాకు తెగులు తగిలితే తట్టుకోలేదు. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అని హైదరాబాద్ వాళ్ళు తెచ్చారు చూడండి, అందులో మూడు నిరోధక జన్యువులు పెట్టారు, ఒకటి ఆఫ్రికాలో మాలి దేశపు అడవి వరిది. ఆ గడ్డికి ఎకరానికెన్ని బస్తాలని ఎవడూ అడగలేదు. 1970ల్లో సుడిదోమ మోసుకొచ్చే గ్రాసీ స్టంట్ వైరస్ ఆసియా అంతా పాకితే ఫిలిప్పీన్స్‌లో ఇర్రి అనే వరి పరిశోధన సంస్థలో ఆరు వేలకి పైగా శాంపిళ్ళు వెతికారు, ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన ఒకే ఒక్క అడవి వరిలో తట్టుకునే గుణం దొరికింది, అదే ఐఆర్ 36 అనే వరి రకంలోకి వెళ్ళింది.

కుర్రోడూ నీకో మాట, గదిలో మిరప జోలికి పోకు. మిరప పక్క మొక్క పుప్పొడితో కలుస్తది, వల కట్టి విడిగా పెంచకపోతే మూడేళ్ళకి నువ్వు దాచిన రకం ఏదో నీకే తెలీదు. వరితో మొదలెట్టు, దానికా గొడవ తక్కువ.

లంక పసుపు:
అందరూ బ్యాంకు బ్యాంకు అంటన్నారు, మా పసుపు ఏ బ్యాంకులో పెడతారండీ? కొమ్మే విత్తనం. కందా అంతే, అరటీ అంతే, నూజివీడు రసాల టెంక ఎండబెడితే ఇక మొలవదు. ఇవి మడిలోనే ఉండాలి. మరి మడిలో ఉంటే ఏమైంది? 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైన వదిలినప్పుడు లంకల్లో అన్నీ మునిగిపోయాయి, నాకు విత్తన పసుపు ఒక్క పుట్టి మిగల్లా, తర్వాత బయట కొన్నా, అది ఏ రకమో అమ్మినోడికే తెలీదు. కాబట్టి బ్యాంకు వద్దు పొలమే చాలు అనేవాళ్ళు కూడా కొంచెం ఆగి మాట్లాడండి.

బెజవాడ మిద్దెతోట:
అది నిజం, కానీ బ్యాంకు కూడా శాశ్వతం ఏం కాదు కదండీ. ఫిలిప్పీన్స్ జాతీయ విత్తన బ్యాంకు 2006లో వరదకి మునిగి, 2012లో మళ్ళీ మంటల్లో కాలింది. నార్వే స్వాల్‌బార్డ్‌లో దేశదేశాల విత్తనాలు దాచే సొరంగం ఉంది, 2016లో మంచు కరిగి దాని మొదట్లోకి కూడా నీళ్ళొచ్చాయి, విత్తనాల దాకా రాలేదులెండి. అదీకాక ముప్పై ఏళ్ళ కింద ఫ్రీజర్‌లోకెళ్ళిన గింజకి ఇప్పటి ఎండలు, ఇప్పటి పురుగులు తెలీవు, ఏటా వేస్తేనే అది కూడా మారుతుంది. నేనైతే మేళాల్లో దేశీ బియ్యం రెట్టింపు ధర పెట్టి కొంటున్నా, మనం కొంటే రైతు వేస్తాడు.

కొల్లిపర బాబాయ్:
నువ్వు నెలకి ఐదు కిలోలు కొంటావు తల్లీ, నాది నాలుగెకరాలు. ఆ మిగతాది ఎవరింటికి తోలను?

బెజవాడ మిద్దెతోట:
అదీ నిజమే బాబాయ్ గారూ, దానికి నా దగ్గర జవాబు లేదు.

బాపట్ల పీజీ:
అందుకే చెప్పేది, బాబాయ్ గారి నాలుగెకరాల్లో ఎవరూ వేయమనట్లా. ఒక్కో రకానికి సెంటు చాలు, ఆ సెంటు కౌలు ఎఫ్‌పీఓ కట్టాలి, కౌలుదారుడి నెత్తిన పెట్టకూడదు. ఇంకోటి అక్కా, సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి ఇకార్డా అనే పరిశోధన సంస్థ విత్తన బ్యాంకు అందకుండా పోతే 2015లో స్వాల్‌బార్డ్ నుంచే విత్తనం వెనక్కి తెచ్చి పొలంలో వేసి పెంచారు, 2017లో మళ్ళీ కొంత అక్కడికి పంపారు. రెండోచోట దాచబట్టే కదా.

గుంటూరు సెటైర్:
గుంటూరు చుట్టూ ఇన్ని కోల్డ్ స్టోరేజీలున్నాయిగా, ఒక మూల అడుక్కుంటే సరిపోద్ది, గది ఎందుకు 😄

బాపట్ల పీజీ:
నవ్వులాటకి అన్నా మంచి ప్రశ్నే. చల్లదనం కంటే ముందు తేమ చూడాలి. గింజలో తేమ ఒక శాతం తగ్గిస్తే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతది అని లెక్క. అక్కడ గోతాల్లో పెడితే తేమ లాగుద్ది. బాగా ఆరబెట్టి గాలి చొరబడని డబ్బాలో సున్నం మూటో సిలికా జెల్లో వేసి మూత బిగించు, ఏడాదికోసారి వంద గింజలు తడిగుడ్డలో మొలకేసి చూడు, 80 కంటే తక్కువ మొలిస్తే ఆ సీజన్‌లోనే వేసి కొత్త విత్తనం తీయాలి. పెద్ద బ్యాంకుల్లోనూ ఇదే పని, వాళ్ళకి మైనస్ 18 డిగ్రీల గది ఉంటది, అంతే తేడా.

తెనాలి కుర్రోడు:
అప్‌డేట్. ఓటింగ్ అయింది, పదకొండు టార్పాలిన్లకి, ఆరు నాకు. ఓడిపోయా. కానీ ప్రెసిడెంట్ గారు ఆ గదిలో ఒక మూల వాడుకో, డబ్బులడక్కు అన్నారు. డబ్బాలు నా జేబులోంచి కొంటా, సెంటు కౌలు సంగతి వచ్చే మీటింగ్‌లో మళ్ళీ ఎత్తుతా. నెల్లూరు వైపు ఎవరి దగ్గరన్నా మొలగొలుకులు అనే పాత వరి విత్తనం పావుకిలో ఉంటే చెప్పండి, బండేసుకుని వస్తా.

కొల్లిపర బాబాయ్:
ప్లాస్టిక్ డబ్బాలు కొనబాక. ఆ గది నాకు తెలుసు, పందికొక్కులున్నాయి. రేకు డబ్బాలు తీసుకో.