లివర్ ‘వదులైందా’, ‘జారుతోందా’?

మాది కావలి దగ్గర పల్లె. మొన్న మడి దమ్ము చేస్తుంటే మా చిన్న ట్రాక్టర్ హైడ్రాలిక్ లివర్ (వెనక కట్టిన పనిముట్టును ఎత్తి దించే పిడి) పెట్టిన చోట నిలవడం మానేసింది. గట్టు దగ్గర పైకెత్తి బండి తిప్పుకునేలోపే లివర్ తనంతట తాను కిందికి వస్తోంది, వెనకున్న రోటావేటర్ (మట్టిని కలియదిప్పే పనిముట్టు) బురదలో దిగిపోతోంది. మెకానిక్‌కు ఫోన్ చేసి “అన్నా, లివర్ వదులైంది” అన్నాను. ఆయన వెంటనే, “వదులా, జారతా ఉందా? లేకపోతే లివర్ ఉన్నచోటే ఉండి లిఫ్ట్ దిగతా ఉందా?” అన్నాడు.

నేను ‘వదులు’ అని ఒకే మాటలో చెప్పేసినవి ఆయనకు మూడు వేరు వేరు రిపేర్లు. లివర్ మొదలు దగ్గర రాపిడి వాషర్లు, స్ప్రింగు, నట్టు ఉంటాయి. వాటి ఒత్తిడే లివర్‌ను ఆపుతుంది. నట్టు సడలినా, వాషర్ అరిగినా ఇంజిన్ అదురుకు లివర్ జారుతుంది. లివర్ కదలకుండా లిఫ్ట్ మాత్రం దిగుతుంటే ఆయిల్ లోపలే కారుతోందన్నమాట: సిలిండర్ సీలో, వాల్వో చూడాలి. లివర్ పక్కన సుద్దముక్కతో గీత గీస్తే తెలిసిపోతుందన్నాడు. గీత దాటితే జారుడు. గీత దగ్గరే ఉండి, ఇంజిన్ ఆపగానే పనిముట్టు గబగబా దిగితే లీకు. ఎత్తిన పనిముట్టు కిందికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు.

అంటే సడలడం కారణం, జారడం ఫలితం. మరి ‘వదులు’కు ఇక్కడ చోటు ఎక్కడ?

పొదిలి నుంచి ఒక జవాబు:
వదులు అనేది ఉన్న స్థితి అన్నా. కొత్త చొక్కా కూడా వదులుగా ఉండొచ్చు, కానీ చొక్కా సడలింది అనం. సడలాలంటే ముందు బిగువు ఉండాలి. మీరు ‘ఆడటం’ మర్చిపోయారు. గొడ్డలి పిడి ఆడుతోంది, మంచం కోడు ఆడుతోంది అంటాం కదా. లివర్ పక్కలకు ఊగుతుంటే అదే మాట. అప్పుడు అరిగింది పిన్నో బుష్షో, నట్టు ఎంత బిగించినా లాభం లేదు.

ఆత్మకూరు వైపు నుంచి ఇంకొకరు:
నట్టు మరీ బిర్రుగా బిగించకండి. లివర్ కదపడానికే బలం పట్టాలంటే లోపలి లింకుల మీద భారం పడుతుంది. చేత్తో జరిపితే జరగాలి, చెయ్యి వదిలితే నిలవాలి. ‘వదులు’ క్రియగా ఇక్కడ చక్కగా సరిపోయింది చూడండి.

నా జవాబు:
రోటావేటర్ నేలకు దించి, ఇంజిన్ ఆపి, నట్టును కొద్దికొద్దిగా తిప్పుతూ బిగించాను. ఇప్పుడు నిలుస్తోంది. మెకానిక్‌కు “సడలింది అన్నా, బిగించేశా” అని చెప్పాను. ‘బిర్రు’ మాట మా ఇంట్లో అమ్మ కూడా వాడుతుంది, జడ బిర్రుగా వేసింది అని. ఒంగోలు అవతలి వాళ్లు దీన్ని ఏమంటారో చెప్పండి.