‘లేచిపోయింది’, ‘లేపుకుపోయాడు’, ‘లేచిపోదామా’

మొన్న పొదలకూరులో నిమ్మకాయలు ఏరేచోట ఇద్దరు ఆడవాళ్ల మాటలు చెవిన పడ్డాయి. “ఆ పిల్ల లేచిపొయ్యిందంట మే” అంది ఒకామె. “ఆ పిల్లోడు లేపకపొయ్యాడని గదా అంటుండారు” అంది రెండో ఆమె.

ఒకటే జంట, ఎక్కింది ఒకటే బస్సు. క్రియలు మాత్రం రెండు. ‘పిల్లోడు లేచిపోయాడు’ అని మన నోట సాధారణంగా రాదు, గమనించారా? ‘లేచిపోయింది’ అంటే తప్పంతా ఆమెది. ‘లేపుకుపోయాడు’ అంటే ఆమె ఒక సామాను. ఇద్దరూ అనుకునే వెళ్లారు అనే సంగతి ఈ రెండు మాటల్లోనూ లేదు.

ఇది ఈనాటిది కాదు లెండి. పోతన భాగవతంలో రుక్మిణి బ్రాహ్మణుడి చేత కృష్ణుడికి కబురు పంపింది. పెళ్లికి ముందు ఊరి బయట గౌరీపూజకు వస్తాను, అక్కడికొచ్చి తీసుకుపో అని దారి చెప్పిందీ ఆమే. ప్లాను మొత్తం అమ్మాయిది. మనం మాత్రం ‘రుక్మిణీ హరణం’ అంటాం!

1989లో మణిరత్నం ‘గీతాంజలి’ వచ్చింది. నేనప్పుడు ఇంటర్. నెల్లూరులో మా పిన్ని తీసుకుపోయింది. తెర మీద హీరోయిన్ కాఫీ తాగుదామా అన్నంత తేలిగ్గా “లేచిపోదామా?” అనేసరికి హాలంతా గొల్లుమంది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నేను చూస్తున్నానేమోనని ఓసారి ఇటు తిరిగి, మళ్లీ నవ్వింది. ఇంట్లో ఆ మాట అనాల్సొస్తే గొంతు తగ్గించే మనిషి ఆమె.

కీలకమంతా ఆ ‘-దామా’లో ఉంది. వెళ్దామా, తిందామా లాగే అందులో ‘మనం’ ఉంది. పైగా అడుగుతున్నది అమ్మాయి. అయితే ఆ ఏడే మా వీధిలో ఒక పిల్ల వెళ్లిపోతే, అదే పిన్ని గొంతు తగ్గించి “లేచిపొయ్యింది” అంది. హాల్లో నవ్విన మాటని వీధిలో ఒప్పుకోడానికి ఇంకా టైం పట్టేట్టుంది.

కావలి నుంచి ఒకరు: అన్నా, ఆ తర్వాత సినిమాలు ముందుకి పోయినాయా, వెనక్కా? 2005లో వచ్చిన ‘నువ్వొస్తానంటే నేనొద్దంటానా’ చూడండి. డబ్బున్న కుర్రాడు పల్లెకొచ్చి, పొలం దున్ని, ఎక్కువ పంట పండించి అమ్మాయి అన్నని గెలవాలి. లేచిపోయే ఊసే లేదు.

మంచి మాట అందుకున్నారు. ఆ సినిమా నాకూ ఇష్టమే, కానీ పందెం ఇద్దరు మగవాళ్ల మధ్య. పంట కొలిచే దాకా అమ్మాయి ఎదురుచూడాలి. ‘పెద్దల్ని ఒప్పించి చేసుకోవడం’ అప్పట్లో గొప్ప విలువ. ఒప్పుకోకపోతే ఏమిటన్నది అలాంటి కథలు అడగవు. హీరో మంచివాడు కాబట్టి అన్న ఒప్పుకుంటాడు, అంతే. కులం అడ్డొస్తే ఎన్ని బస్తాలు పండించాలో మరి!

ఒంగోలు నుంచి ఒకరు: మా కాలేజీలో ఎవరూ ‘లేచిపోయింది’ అనరు సార్. ‘ఇద్దరూ జంప్’ అంటాం. ఆడామగా తేడా లేదు.

నిజమే అబ్బయా, వ్యాకరణం లెక్కన సమానత్వం వచ్చేసింది. కాకపోతే చీటీల డబ్బుతో ఉడాయించిన వాడికీ మీరు ‘జంప్’ అనే అంటారు కదా? పాపం ఆ జంటని తీసుకెళ్లి వాడి పక్కన నిలబెట్టారు. తిట్టు వాసన లేకుండా, గుసగుస లేకుండా, ఇద్దరూ ఇష్టపడి వెళ్లారని చెప్పే ఒక్క అచ్చ తెలుగు క్రియ మీ ఊళ్లో ఉంటే చెప్పండి. ‘లవ్ మ్యారేజ్’ తెచ్చి పెట్టొద్దు, అది మా నిమ్మకాయల ఆడవాళ్లకీ తెలుసు.